దుర్గ చూడని రైలు

కష్టాల్లో పెరిగిన పిల్లల మీద వచ్చిన నవలల్లో మిమ్మల్ని బాగా కదిలించింది ఏది, పిల్లలతో చదివించొచ్చా అని అడిగారు. నా వరకు ఒక్కటే, పథేర్ పాంచాలి. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీలో రాశారు, 1929లో పుస్తకంగా వచ్చింది. నేను చదివింది మద్దిపట్ల సూరి గారి తెలుగులో.

ఈ పేరెత్తగానే "సినిమా చూశాం కదా" అంటారు. 1955లో సత్యజిత్ రాయ్ తీసిన సినిమా గొప్పదే. అందులో అక్కాతమ్ముళ్లు దుర్గ, అపు రెల్లుగడ్డిలో రైలు కోసం పరుగెత్తే చోటు అందరికీ గుర్తుంటుంది. నవలలో అలా ఉండదు. ఇద్దరూ రైలుపట్టాలు చూద్దామని బయల్దేరి, దారి తప్పి, ఉత్త చేతులతో ఇంటికొస్తారు. తర్వాత అపు నాన్నతో వెళ్లి రైలుపట్టాలైనా చూస్తాడు. దుర్గ చూడదు. జ్వరంతో పడుకుని, "నాకు తగ్గాక ఒకరోజు రైలు చూపిస్తావా?" అని తమ్ముణ్ణి అడుగుతుంది. ఆ జ్వరంలోనే పోతుంది.

మాది కోరుట్ల దగ్గర పల్లె. పెద్దపల్లి–నిజామాబాద్ లైను పూర్తయిందే 2017లో, మా చిన్నప్పుడు ఆ వైపు రైలన్న మాటే లేదు. అక్క ఏడో తరగతిలో బడి మానేసి బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. నేను డిగ్రీకి హైదరాబాద్ వెళ్లాను. దసరా సెలవులకు ఈ పుస్తకం పట్టుకొచ్చి, అక్క బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని చదివి వినిపించాను. తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోస్తూ, దారం చుడుతూ తల ఎత్తకుండా వింటోంది. దుర్గ రైలు మాట అడిగిన చోట చేతులు ఆగిపోయాయి.

"మల్ల సూపెట్టిండారా ఆ పోరడు?"

"లేదక్కా. ఆమె సచ్చిపోతది."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చేతిలో ఉన్న కట్ట విప్పి, "లెక్క తప్పిన, ఉండు" అని ఒకటి నుంచి మళ్లీ మొదలుపెట్టింది. కట్టకు ఇరవై అయిదు. ఒక్కటి తక్కువైనా కార్ఖానాలో ఒప్పుకోరు.

అందుకే ఇలాంటి నవలల్ని "స్ఫూర్తిదాయకం" అంటే నాకు ఒళ్లు మండుతుంది. కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయట! మా ఇంట్లో కష్టం ఇద్దరికీ ఒకటే. బయటపడ్డది నేనొక్కణ్ణే, అదీ అక్క చుట్టిన బీడీల మీద. అందరూ అపు గురించే రాస్తారు. ఆ నవల దుర్గది. చదివి అపును మెచ్చుకుని ఊరుకున్నవాళ్లు సగమే చదివినట్టు.

పిల్లలకు తప్పకుండా ఇవ్వండి. పన్నెండు, పదమూడేళ్లు వస్తే చాలు. ఏడిస్తే ఏడవనివ్వండి. సినిమా మాత్రం తర్వాతే చూపించండి.

చివర్లో ఒక చోటుంది. ఊరు వదిలి రైల్లో వెళ్తూ అపు అక్కను తలుచుకుంటాడు. నిన్ను మర్చిపోలేదక్కా, కావాలని వదిలి రాలేదు, వీళ్లే నన్ను తీసుకుపోతున్నారు అని మనసులో చెప్పుకుంటాడు. సెలవుల చివరి రోజు అక్కడిదాకా వచ్చాం. ఆ పేజీ నేను పైకి చదవలేకపోయాను. బస్సుకు టైమైందని చెప్పి పుస్తకం సంచిలో పెట్టేసుకున్నాను.