బరంపురంలో ఎక్కడ తినాలి, ఏం తాగాలి: ఒక అల్లుడి సమాధానం

ఉద్యోగం పని మీద ఒడిశాలోని బరంపురంలో మూడు రోజులు ఉండవలసి వస్తోందని, ఆ ఊరికి తరచుగా వెళ్లేవారు తమకు నచ్చిన తిండి చోట్లూ పానీయాలూ చెబితే బాగుంటుందని మీరు అడిగారు. నేను బరంపురంలో పుట్టినవాణ్ని కాను, అక్కడ కాపురం చేసినవాణ్నీ కాను. మాది రాజమండ్రి. 2004లో ఆ ఊళ్లోని ఒక పట్టు నేత కుటుంబానికి అల్లుణ్ని అయ్యాను. తరతరాల క్రితం మా రాజమండ్రి ప్రాంతం నుంచే ఆ నేతవారు అక్కడికి వలస వెళ్లారని మా మామగారు చెప్పేవారు కాబట్టి, ఒక విధంగా పాత చుట్టరికమే కలుపుకున్నాం. అప్పటి నుంచి ఏడాదికి రెండు మూడు సార్లు వెళ్తున్నాను. అత్తవారింట్లో తిన్నదాని కంటే మామగారి వెంట వీధుల్లో తిన్నదే నాకు ఎక్కువగా గుర్తుంది. మా అత్తగారు ఇలాంటివి చదవరన్న ధైర్యంతోనే ఈ మాట రాస్తున్నాను.

హోటళ్ల పేర్లు వరుసగా రాసి ఇవ్వడం నా వల్ల కాదు. నాకు నచ్చినవాటిలో సగానికి పైగా పేరుపలక లేని బండ్లూ, ఇంటి అరుగు మీదే నడిచే చిన్న దుకాణాలూ. పైగా అక్కడ చోటు తెలుసుకోవడం కన్నా వేళ తెలుసుకోవడం ముఖ్యం. ఉదయం ఏడు గంటలకు గేట్ బజారులో పొగలు కక్కుతూ ఉన్న గిన్నె పదిన్నరకల్లా బోర్లించి ఉంటుంది. సాయంత్రం ఐదు దాటాక బడా బజారు వైపు కళాయిల్లో వేగేవి మధ్యాహ్నం ఎంత వెతికినా కనిపించవు.

కాబట్టి ఉదయంతోనే మొదలుపెడతాను. బసలో పెట్టే ఫలహారాన్ని దయచేసి ఒక్క రోజైనా మానుకుని, పాత బస్టాండు పరిసరాల్లోనో గిరి రోడ్డు పొడవునో నడవండి. పదిమంది నిలబడి తింటున్న బండి కనిపిస్తే ఆగండి. అడ్డాకుతో కుట్టిన దొన్నెలో రెండు ఇడ్లీలు, ఒక మినప గారె, పక్కన గరిటెడు ఉప్మా పెట్టి, వాటన్నిటి మీదా ఘుగుని పోసి ఇస్తారు. ఘుగుని అంటే తెల్ల బఠానీల కూర. రాత్రంతా నానబెట్టిన బఠానీలను బంగాళాదుంప ముక్కలతో ఉడికించి, అల్లం వెల్లుల్లి ముద్ద, ఉల్లిపాయ, గరం మసాలా వేసి, పులుసుకూ కూరకూ మధ్యస్థంగా దించుతారు. బఠానీ నలిగీ నలగకుండా ఉండాలి. పూర్తిగా మెదిగితే పప్పయిపోతుంది, పలుకుగా ఉంటే ఇడ్లీకి పట్టదు.

మొదటిసారి మామగారు నన్ను ఆ బండి దగ్గరకు తీసుకువెళ్లినప్పుడు నేను చేసిన పని చెప్పాలి. దొన్నె అందుకుని, ఇడ్లీ మీద బఠానీల కూర చూసి, ఏదో పొరపాటున పోశారనుకుని, "కొబ్బరి పచ్చడి లేదాండీ?" అని అడిగాను. బండి ఆయన నా వంక చూడకుండా మామగారి వంక చూసి, "ఏటి బాబూ, కొత్తల్లుడుగారా?" అన్నాడు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఆ తరువాత మామగారు తన పద్ధతి చూపించారు. ముందు గారెను నాలుగు ముక్కలుగా తుంచి ఘుగునిలో ముంచి వదిలేయాలి. అది నానేలోగా ఇడ్లీ తినాలి. ఉప్మాను అడుగున మిగిలిన రసంతో కలిపి తినాలి. గారె అన్నిటికన్నా చివర. సగం దొన్నె అయ్యాక అడిగితే ఇంకొంచెం ఘుగుని ఊరికే పోస్తారు, కానీ మొదట్లోనే అడిగితే పోయరు. ఇన్నేళ్లలో ఈ వరుసను నేను మార్చలేదు. గోదావరి జిల్లా ఇడ్లీతో పోల్చుకుంటే అక్కడి ఇడ్లీ కొంచెం గట్టిగా ఉంటుందన్నది నిజమే. అయితే మన ఇడ్లీని ఘుగునిలో వేస్తే రెండు నిమిషాల్లో కరిగిపోతుంది. ఆ గట్టిదనం అవసరం కొద్దీ వచ్చిందే.

ఒడిశాలో ఇంత ఇడ్లీ, దోసె ఏమిటని ఆశ్చర్యపోనవసరం లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. మన మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్లోనే. బోర్డులన్నీ ఒడియాలో ఉన్నా బేరం తెలుగులో సాగుతుంది. మీరు తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది, అదీ శ్రీకాకుళం యాసలో.

మధ్యాహ్నానికి నా సలహా రుతువును బట్టి ఉంటుంది. వేసవిలో వెళ్తే పఖాళ తప్పకుండా తినండి. అది మన చద్దన్నమే. అన్నంలో నీళ్లు పోసి రాత్రంతా పులియనిస్తారు. ఆ పులిసిన నీటిని ఒడియాలో తొరాణి అంటారు. మా నాయనమ్మ తరవాణి అనేది. తొరాణి అన్న మాట మొదటిసారి అత్తవారింటి వంటగదిలో విన్నప్పుడు కలిగిన ఆనందం ఆ రోజు తిన్న అన్నం కన్నా ఎక్కువ. మనం చద్దన్నంలో ఉల్లిపాయ, ఆవకాయ బద్ద నంజుకుని సరిపెట్టుకుంటాం. వారు దాని చుట్టూ పెద్ద విస్తరే పరుస్తారు: వేయించిన వడియాలను వెల్లుల్లి, పచ్చిమిర్చితో నలిపి చేసే బడి చూర, ఆకుకూర వేపుడు, మెదిపిన బంగాళాదుంప, వేయించిన చేప. ఆవనూనె వాసన అలవాటు లేనివారికి బడి చూర మొదటి ముద్ద ఘాటుగా తగులుతుంది. మూడో ముద్దకు సర్దుకుంటుంది. నాకు సర్దుకోవడానికి మూడేళ్లు పట్టిందని మా ఆవిడ అంటుంది.

మిగతా కాలాల్లో అన్నం, దాల్మా పెట్టే భోజనశాల వెతుక్కోండి. కందిపప్పుతోనో పెసరపప్పుతోనో అరటికాయ, గుమ్మడి, కంద, వంకాయ ముక్కలు ఉడికించి, చివర వేయించిన జీలకర్ర, ఎండుమిరపకాయల పొడి చల్లి, కొబ్బరి కోరు కలుపుతారు. ఉల్లి, వెల్లుల్లి లేకుండానే అంత రుచి రావడం ఆ పొడి గొప్పతనం. అక్కడే ఆంబుల వేసిన పులుసు ఉందేమో అడగండి. మన మామిడి ఒరుగులే ఆంబుల. కాకపోతే వాటిది ఉప్పులో ఊరిన నల్లటి పులుపు.

మాంసాహారం తినేవారైతే వారాలు చూసుకుని బయలుదేరడం మంచిది. సోమవారం, గురువారం చాలా ఒడియా ఇళ్లలో నీచు ముట్టరు. ఆ రోజుల్లో మాంసం దుకాణాలు వెలవెలబోతాయి. మార్గశిర గురువారాలైతే మరీ నిష్ఠగా ఉంటాయి. కార్తీకమాసం సంగతి ఇంకా చిక్కు. ఒడియావారి కార్తీకం పౌర్ణమితో పూర్తవుతుంది. ఆ మర్నాడు ఛాడఖాయి. నెల్లాళ్లూ ఆపుకున్న ఆకలి ఆ ఒక్క ఉదయం మాంసం దుకాణాల ముందు బారులు తీరుతుంది. మన కార్తీకమేమో అమావాస్య దాకా ఉంటుంది. పెళ్లయిన ఏడాది సరిగ్గా ఆ రోజున నేను అక్కడ ఉన్నాను. వీధి వీధంతా మసాలా వాసన. మా అత్తగారు మాత్రం తులసికోట దగ్గర దీపం పెడుతూ, "మనకింకా పదిహేను రోజులుంది నాయనా" అన్నారు. పావుగంట తరువాత మా బావమరిది నన్ను పెరటి వైపుకు పిలిచి, "బావా, ఒడియా పంచాంగం ప్రకారం మనది తప్పు కాదు" అని చెప్పులు వేసుకున్నాడు. ఆ రోజు మేం ఏం తిన్నామో, ఎక్కడ తిన్నామో మాత్రం ఇక్కడ రాయను.

సాయంత్రపు తిండి గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది వెతకవలసిన పని లేదు, వాసనే దారి చూపుతుంది. ఆలూ చాప్, ఉల్లి పకోడీ, పానీపూరీకి అక్కడి పేరైన గుప్‌చుప్, మరమరాలతో కలిపే ముఢీ. శ్రీకాకుళం, విశాఖల్లో మురీ మిక్చర్ తిని పెరిగినవారికి ముఢీ కొత్తేమీ కాదు. మిఠాయిల్లో ఛెనా పోడ ఒక్కటి వదలకండి. విరిగిన పాల ముద్దను పంచదారతో కలిపి, అడుగు మాడేదాకా కాలుస్తారు. ఆ మాడే దాని ప్రాణం. అంచు ముక్క అడిగి తీసుకోండి, మధ్య ముక్క ఇస్తే వద్దనండి. రసగుల్లా మాది అంటే మాదని బెంగాల్, ఒడిశా పోట్లాడుకుని, బెంగాల్ 2017లో, ఒడిశా 2019లో ఎవరి భౌగోళిక గుర్తింపు వారు తెచ్చుకున్నాయి. ఒడిశా రసగుల్లా కొంచెం ఎర్రగా, మెత్తగా ఉంటుంది. నా ఓటు దానికే, అయితే అల్లుడి ఓటుకు విలువ కట్టకండి.

ఇక తాగేవాటి విషయం. మద్యం గురించి నన్ను అడిగి లాభం లేదు. లస్సీ మాత్రం తాగండి. అక్కడ లస్సీ అంటే గ్లాసు పైన రబ్డీ మీగడ, దాని మీద కొబ్బరి కోరు వేసి చెంచాతో ఇస్తారు. సగం తినాలి, సగం తాగాలి. మధ్యాహ్న భోజనం తరువాత దాని జోలికి వెళ్లవద్దు, భోజనానికి బదులుగా వెళ్లండి. ఏప్రిల్ నెల మధ్యలో ఉంటే బేల పణా దొరుకుతుంది. పణా సంక్రాంతి నాడు ఇంటింటా చేసే పానకమది. మారేడు పండు గుజ్జును నీళ్లలో పిసికి, గింజలూ పీచూ తీసేసి, బెల్లం, మిరియాల పొడి, కొబ్బరి, కొద్దిగా ఛెనా కలుపుతారు. మన శ్రీరామనవమి పానకం తాగినవారికి మిరియం ఘాటు తెలిసినదే, మారేడు సువాసన మాత్రం కొత్తగా ఉంటుంది. కొన్ని చోట్ల షర్బతుల్లో మొగలి పువ్వు నీళ్లు ధారాళంగా పోస్తారు. బరంపురం ఉన్న గంజాం జిల్లా మొగలి అత్తరుకు పెట్టింది పేరు. వానాకాలంలో తీరం వైపు వెళ్తే పొలాల గట్ల వెంట ఆ పొదల వాసన బస్సులోకే వస్తుంది. పొద దగ్గర ఎంత హాయిగా ఉంటుందో గ్లాసులో అంత తలనొప్పి తెస్తుందని నా అభిప్రాయం. రెండు చుక్కలు చాలనండి.

ఒక సాయంత్రం ఖాళీ చేసుకోగలిగితే 16 కిలోమీటర్ల దూరంలోని గోపాలపూర్ వెళ్లండి. అక్కడి జాలరులు చాలావరకు తెలుగువారే. ఒడియావారు వారిని నోలియాలంటారు. ఒడ్డున బండ్ల మీద చందువ, రొయ్యలు, పీతలు పరిచి ఉంటాయి; మీరు చూపించినదాన్ని మసాలా పట్టించి మీ ఎదుటే వేయిస్తారు. అక్కడ నేను రెండుసార్లు మోసపోయాను. మొదటిసారి ధర అడగకుండా రెండు చందువలు చూపించాను. తిన్నాక, నేను అనుకున్నదానికి రెండింతలు అడిగారు. రెండోసారి ధర గట్టిగా మాట్లాడుకున్నాను గానీ చేప చూసుకోలేదు. మసాలా ఎక్కువ పట్టించారని సంతోషించాను. ఎందుకు పట్టించారో నోట్లో పెట్టుకున్నాక తెలిసింది. పక్కన వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దావిడ అంతా చూసి, "మొప్ప ఎత్తి సూడాల బాబూ, ఎర్రగుంటేనే తూకం ఎయ్యమనాల. తూకం ముందు, మసాలా తరవాత" అంది. అప్పటి నుంచి అదే పాటిస్తున్నాను. ధర కిలోకా, చేపకా అన్నది కూడా ముందే తేల్చుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేటకు నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రెండు నెలల్లో ఒడ్డున పరిచి ఉన్న చేప ఎప్పటిదో అడిగి కొనడం మంచిది. ఆ కాలంలో నేను చిలికా సరస్సు నుంచి వచ్చే పీతల వైపే మొగ్గు చూపుతాను.

తిరుగు ప్రయాణంలో అప్పడాలు, ఊరగాయలు కొనకుండా ఎవరూ రారు. అవి స్టేషన్‌లో కూడా దొరుకుతాయి, కానీ ఒక పూట ముందే ఊళ్లోని దుకాణంలో కొనుక్కోండి. అక్కడైతే ఒక అప్పడం కాల్చి చూపించమని అడగవచ్చు. ఆంబుల కొంటే మాత్రం రెండు సంచుల్లో కట్టించండి. కిందటిసారి ఒక సంచిలోనే కట్టించడం వల్ల ఉప్పునీరు కారి, మా అత్తగారు మా అమ్మకు పంపిన పట్టుచీర అంచు తడిసింది. ఆ చీర సంగతి రాజమండ్రిలో ఇంకా తేలలేదు.