జానపద కథల్లో సాయం చేసే జంతువులు దేనికి ప్రతీకలు?

చేప అంటే సంపద, పాము అంటే మోసం, పావురం అంటే శాంతి అని ఒక పట్టిక రాసుకుంటే ఏ దేశపు కథకైనా అర్థం చెప్పవచ్చా అని అడిగారు. ఆ పట్టిక ఎంతో దూరం రాదు. మా ఊరి గ్రంథాలయంలో ఆదివారాలు పిల్లలకు కథలు చెబుతుంటాను. వచ్చింది ఏ జంతువన్నది వాళ్లు పెద్దగా పట్టించుకోరు. అది ఎందుకు సాయం చేసిందో మాత్రం తప్పకుండా అడుగుతారు. నేనైతే వాళ్ల ప్రశ్ననే పట్టుకుంటాను.

చైనాలో తొమ్మిదో శతాబ్దంలో దువాన్ చెంగ్‌షి రాసిపెట్టిన యె షియెన్ కథ చూడండి. సిండ్రెల్లా కథకు చాలా పాత రూపాల్లో ఇదొకటి. తల్లీతండ్రీ పోయి, సవతి తల్లి చేతిలో నలుగుతున్న పిల్లకు బంగారు కళ్ల చిన్న చేప దొరుకుతుంది. తన తిండిలోనే కొంత పెట్టి దాన్ని పెంచుతుంది. తను వస్తే తప్ప చేప గట్టు మీదికి తల ఎత్తదు. సవతి తల్లి ఆ పిల్ల బట్టలు తొడుక్కుని వెళ్లి, దాన్ని చంపి వండుకు తింటుంది. పేడకుప్ప కింద పారేసిన ఎముకలను తెచ్చి దాచుకుని మొక్కితే, పిల్లకు కోరినవన్నీ వస్తాయి. తర్వాత ఆమెను పెళ్లాడిన రాజు అత్యాశతో అదే పనిగా రత్నాలు అడుగుతాడు. ఏడాది తిరిగేసరికి ఎముకలు పలకడం మానేస్తాయి. ముద్ద పెట్టి పెంచింది అతను కాదు కదా!

ఈ కథ చెబుతుంటే ఒక పాప “ఆ చేప వాళ్ల అమ్మేనా?” అంది. కథలో ఆ మాట లేదు. అయినా దీని చుట్టాల్లాంటి కథలు పాప పక్షానే ఉన్నాయి. స్కాట్లాండు కథలో పిల్లను ఆదుకునేది, తల్లి చనిపోతూ వదిలి వెళ్లిన ఎర్ర దూడ. జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరుల కథలో తల్లి సమాధి మీది చెట్టుకు తెల్లపిట్ట వచ్చి వాలి, అడిగినవి కిందికి జారవిడుస్తుంది.

1697లో ఫ్రాన్సులో షార్ల్ పెరో తన సిండ్రెల్లా కథలో ఆ సాయం చేసే జంతువు చోటు మంత్రదండం పట్టిన దేవతకు ఇచ్చాడు. ఆరు చిట్టెలుకలు గుర్రాలయ్యాయి, ఒక పెద్ద ఎలుక బండివాడైంది, ఆరు బల్లులు నౌకర్లయ్యాయి. ఆప్తులుగా ఉన్న జంతువులను కొలువులో పెట్టడం నాకు నచ్చదు. పిల్లలకు మాత్రం ఆ బల్లులంటే మహా సరదా.

తల్లి ఊసే లేని కథలు వేరే ఉన్నాయి. వాటిలో నడిచేది రుణం. రష్యా పండితుడు వ్లదీమిర్ ప్రాప్ 1928లో చెప్పినట్టు, కథలో మనుషులూ జంతువులూ మారతారు, చేసే పని మారదు. బుద్ధుడి పూర్వజన్మల గురించి చెప్పే మన జాతక కథల్లో ఒకటైన సచ్చంకిర జాతకంలో వరదలో దుంగ పట్టుకుని కొట్టుకొస్తున్న పామును, ఎలుకను, చిలుకను, రాజకుమారుణ్ణి ఒక తాపసి ఒడ్డుకు చేరుస్తాడు. బలహీనమైనవని జంతువులకు ముందు సేవ చేస్తాడు. ఆ కోపం మనసులో పెట్టుకున్న రాజకుమారుడు, గద్దెనెక్కాక తాపసిని కొరడాలతో కొట్టించి చంపమంటాడు. పాము మాత్రం పాతిపెట్టిన తన నలభై కోట్ల బంగారాన్నీ మాట తప్పకుండా ఇచ్చేస్తుంది. పాము అంటే మోసమని రాసుకున్న పట్టికతో ఈ కథను విప్పి చూడండి.