పాత 775 బోర్డులో సర్వర్ జియాన్ వేసుకోవచ్చా?

ఇంట్లో 775 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న పాత మదర్‌బోర్డు ఉంది, అందులో కోర్ 2 డుయో ప్రాసెసర్ తీసేసి ఆన్‌లైన్లో దొరికే మాడిఫైడ్ జియాన్, అంటే సర్వర్ల కోసం ఇంటెల్ చేసిన ప్రాసెసర్, వేస్తే పనికొస్తుందా అని అడిగారు. పనికొస్తుంది. బోర్డు ఇప్పటికే మీ దగ్గర ఉంది కాబట్టే ఇంత ధైర్యంగా చెప్తున్నాను.

2019లో మా తమ్ముడి కోసం నేను ఇదే చేశాను. బోర్డు జీ41 చిప్‌సెట్‌ది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో నాలుగు షాపులు తిరిగితే జియాన్ ఈ5450 దొరికింది. నాలుగు కోర్లు, 3 గిగాహెర్ట్జ్, 12 ఎంబీ క్యాష్ మెమరీ, 80 వాట్లు. పనితీరులో 775 బోర్డులకే వచ్చిన కోర్ 2 క్వాడ్ క్యూ9650 ప్రాసెసర్‌కి సమానం. ఆ క్వాడ్ పాతదైనా రేటు దిగేది కాదు. కంపెనీలు సర్వర్లు మార్చినప్పుడల్లా జియాన్లు కుప్పలుగా బయటికొచ్చేవి కాబట్టి ఇవి చవక.

అసలు ఈ జియాన్ 771 సాకెట్‌ది. 775లో కూర్చోవడానికి రెండు పనులు చేయాలి. చిప్ అంచున కొత్తగా రెండు గాట్లు పెట్టాలి, అడుగున ఒక చిన్న స్టిక్కర్ అతికించాలి. ఆ స్టిక్కర్ మీది సన్నని రాగి గీతలు రెండు పిన్నుల కనెక్షన్‌ను అటూ ఇటూ మారుస్తాయి. నాకు దొరికిన దానికి రెండూ చేసే ఉన్నాయి. అయినా మొదటిసారి ఆన్ చేస్తే ఫ్యాన్ తిరిగింది, డిస్‌ప్లే రాలేదు. బోర్డు పోయిందేమోనని చాలా టెన్షన్ పడ్డాం. చిప్ తీసి భూతద్దంలో చూస్తే స్టిక్కర్ వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉంది. దాన్ని మెల్లగా లేపి, చిప్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ట్వీజర్‌తో సరిగ్గా అతికించాక డిస్‌ప్లే వచ్చింది. చిప్ దించేటప్పుడు చెయ్యి వణక్కూడదు. పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి, ఒక్కటి వంగినా తిప్పలే.

తర్వాత బయాస్, అంటే ఆన్ చేయగానే బోర్డును నడిపే ప్రోగ్రామ్. ఆన్ చేసిన ప్రతిసారీ ‘మైక్రోకోడ్ (ప్రాసెసర్‌కి కావాల్సిన చిన్న కోడ్) లోడ్ కాలేదు’ అని చూపించి, ఎఫ్1 నొక్కమని అడిగేది. జియాన్ మైక్రోకోడ్ కలిపిన బయాస్‌ను బోర్డులోకి ఎక్కించాక (ఫ్లాష్ చేశాక) అది పోయింది. ఫ్లాష్ చేసేటప్పుడు యూపీఎస్ తప్పనిసరి, మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చినట్టే. కొన్ని బోర్డులు జియాన్‌ను అసలు ఒప్పుకోవు. అందుకే డబ్బు కట్టే ముందే మీ మోడల్‌లో ఎవరైనా వేశారేమో వెతకండి.

ర్యామ్ దగ్గర చాలామంది మోసపోతారు. డీడీఆర్3 రకం ర్యామ్ పట్టే జీ41 బోర్డుకి 4 జీబీ స్టిక్ కొంటే రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉన్నదే తీసుకోండి. 8 చిప్‌లది సాధారణంగా పనిచేయదు. పాత ఎస్ఎస్‌డీ ఒకటి తగిలిస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

విండోస్ 11 ఆశ పెట్టుకోకండి. ఈ చిప్‌లో ఎస్ఎస్ఈ4.2 అనే ఆదేశాల సెట్ లేదు, అందుకే విండోస్ 11 24హెచ్2 వెర్షన్ బూటే కాదు. విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబర్‌లో ముగిసింది. మేం విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాం. బ్రౌజింగ్, ఆఫీసు పనులు, కోడింగ్ నేర్చుకోవడం హాయిగా సాగుతున్నాయి.

బోర్డు కూడా కొనాల్సి వస్తే మాత్రం ఈ దారి వద్దు. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి నాలుగో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్ ఉన్న సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్ తీసుకోండి. మీ బోర్డు మోడల్ నంబరు, బయాస్ వెర్షన్ ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.