సుంకి ఘాట్ ఎక్కే అంబాసిడర్‌కి ఏ సూపర్‌ఛార్జర్ పెట్టాలి

అల్లుడూ,

మీ తాతగారి 1964 మార్క్ టూలో జిప్సీ ఇంజన్ కూర్చోబెట్టి, జయపురం వీధుల్లో తిప్పుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం రా. ఇప్పుడు ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే సూపర్‌ఛార్జర్ కూడా పెడతానంటున్నావు. పెట్టు. కానీ నువ్వు ఫొటో పంపిన ఆ సెంట్రిఫ్యూగల్ మాత్రం కొనకు.

నీకు బలం ఎక్కడ కావాలో ముందు ఆలోచించు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతున్నావు. బండి నిండా మనుషులు, డిక్కీలో బియ్యం బస్తా, ముందు బాక్సైట్ లారీ. సెకండ్ గేర్, రెండున్నర వేల ఆర్‌పీఎం. సెంట్రిఫ్యూగల్‌లో ఒత్తిడి తిరిగే వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆరు వేల దగ్గర చదరపు అంగుళానికి 8 పౌన్లు ఇచ్చేది మూడు వేల దగ్గర 2 పౌన్లే ఇస్తుంది, రెండున్నర వేలకు ఒకటిన్నర కూడా రాదు. పైగా కోరాపుట్ ఎత్తు మీద గాలి పీడనమే సముద్రమట్టం కంటే పదో వంతు తక్కువ, అంటే దాదాపు ఒకటిన్నర పౌను. అది ఇచ్చేది ఈ లోటు పూడ్చడానికే సరిపోదు. రేసు ట్రాక్ మీద అది మంచిదే, మన కొండలకు పనికిరాదు.

నీకు కావాల్సింది రూట్స్ రకం. 1860లో అమెరికాలో రూట్స్ అన్నదమ్ములు పేటెంట్ తీసుకున్న యంత్రం, ఇనుప కొలుములకు గాలి ఊదడానికి వాడేవారు. రోటర్లు ఒక్క చుట్టు తిరిగితే ఇంత గాలి అని లెక్క ఉంటుంది కాబట్టి కింది వేగంలోనే ఊపు వస్తుంది. రెండు మరలు తిరిగే ట్విన్ స్క్రూ రకం అంతకంటే చల్లగా నొక్కుతుంది గానీ ఖరీదు ఎక్కువ, నీకు అక్కర్లేదు.

సైజు దగ్గరే అందరూ తప్పుతారు. నీ ఇంజన్ 1298 సీసీ, రెండు చుట్లకోసారి నిండుతుంది కాబట్టి ఒక్కో చుట్టుకు 650 సీసీ చొప్పున గాలి పీలుస్తుంది. ఈటన్ ఎం45 ఒక్క చుట్టుకు దాదాపు 740 సీసీ తోస్తుంది. 2000ల తొలి ఏళ్ల మినీ కూపర్ ఎస్‌లో ఉన్నది అదే, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. క్రాంక్, అంటే ఇంజన్ ఇరుసు, ఒక చుట్టు తిరిగితే బ్లోయర్ (అదే, సూపర్‌ఛార్జర్) 1.1 నుంచి 1.2 చుట్లు తిరిగేలా పుల్లీ వేయించు. కారిపోయేది, వేడెక్కేది పోగా అయిదారు పౌన్లు వస్తుంది. ఐసిన్ ఏఎంఆర్500 చిన్నది, దాన్ని విపరీతంగా తిప్పాలి. ఎం62 పెద్దది, నిదానంగా తిరుగుతూ సందుల్లోంచి గాలి వదిలేస్తుంది. ఆరు పౌన్లు దాటకు. 80 హార్స్‌పవర్ నూరు దగ్గరకు వస్తే ఆ పాత ఆక్సిల్‌కి అదే ఎక్కువ.

ఎందుకు దాటొద్దంటున్నానో నా షెడ్డులో బల్ల మీదున్న పిస్టన్ చూస్తే తెలుస్తుంది. మూడో సిలిండర్‌ది. అంచు చుట్టూ చెదలు తిన్న చెక్కలా గుంటలు, రెండో రింగు దగ్గర అల్యూమినియం ముక్క ఊడిపోయి ఉంటుంది. నా పాత జీపుకి బ్లోయర్ బిగించి, పెట్రోలు, టైమింగ్ (ప్లగ్గు నిప్పు కొట్టే క్షణం) సరిచేయకుండానే ఘాట్ ఎక్కించాను. మొదట చిటచిటమని చిన్న చప్పుడు, వేపుతున్న ఆవాల్లా. లోడు మీద ఉందిలే అనుకున్నాను. అది లోపల పెట్రోలు అదుపు తప్పి పేలే చప్పుడు. పై మలుపు చేరేలోగా నీలం పొగ. ఆ చప్పుడు నీకు ఎప్పుడు వినపడినా ఆ క్షణమే కాలు తీసెయ్.

సునాబెడ ఇంజన్ ఫ్యాక్టరీలో నా ఉద్యోగమంతా కంప్రెసర్ల దగ్గరే గడిచింది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. మే నెలలో 40 డిగ్రీల గాలిని ఈ రూట్స్ ఆరు పౌన్లకు నొక్కితే వంద డిగ్రీల దగ్గరకు పోతుంది. అందుకే నీళ్లతో చల్లబరిచే ఇంటర్‌కూలర్ తప్పనిసరి. అంబాసిడర్ ముక్కులో చోటుకి కొదవలేదు, చిన్న రేడియేటర్, పంపు పెట్టు. జిప్సీ ఈసీయూకి, అంటే ఇంజన్ కంప్యూటర్‌కి, బూస్ట్ (బ్లోయర్ పెంచే గాలి ఒత్తిడి) అంటే ఏమిటో తెలియదు. ప్రోగ్రామ్ చేసుకునే ఈసీయూ, రెండు బార్ల దాకా గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్, పెద్ద ఇంజెక్టర్లు వేయించు. బూస్ట్‌లో టైమింగ్ వెనక్కి లాగించు. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి ఇంకాస్త ఎక్కువ పారాలి, ట్యూన్ చేసేవాడికి ఆ మాట చెప్పు. గాలిని దారి మళ్లించే బైపాస్ వాల్వు లేని బ్లోయర్ ఎంత చవకైనా ముట్టుకోకు. మామూలుగా పోతున్నప్పుడు ఆ వాల్వు తెరుచుకుంటేనే మైలేజీ, వేడి అదుపులో ఉంటాయి.

కొనేటప్పుడు పుల్లీని చేత్తో తిప్పు. మెత్తగా, ఒకే తీరున తిరగాలి. రోటర్ల మీద పూత లేచిందా, గీతలున్నాయా టార్చి వేసి చూడు. ముక్కు భాగంలో కటకటమంటే కప్లింగ్ అరిగింది, అది మార్చుకోవచ్చు. నూనె మాడు వాసన వస్తే మాత్రం వదిలెయ్.

నాలుగు చక్రాలకూ ఇంకా డ్రమ్ములే ఉంటే ముందు ముందరి చక్రాలకు డిస్కులు వేయించు, బ్లోయర్ తర్వాత. ఎక్కిన ఘాట్ దిగాలి కదా. ఇంజన్ మార్పు ఆర్‌సీలో ఎక్కిందో లేదో కూడా చూసుకో, లేకపోతే ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వరు.

బ్లోయర్ తెచ్చాక బిగించకుండా ఇటు పట్టుకురా, ఇద్దరం కలిసి చూద్దాం. మొదటిసారి ఘాట్ ఎక్కాక పైన బండి ఆపి, చల్లారనిచ్చి, నాలుగు ప్లగ్గులూ విప్పి వరసగా పెట్టి ఫొటో పంపు. పింగాణీ మీద నల్లటి చుక్కలు కనిపిస్తే అక్కణ్నుంచి కదలకు, నేనే వస్తాను.

మీ మావయ్య