బెత్తెడు దూరం

విజయవాడ
ఆదివారం, పొద్దున

అమ్మాయీ,

క్వారీ మనుషుల మీద పాడ్‌కాస్ట్ చేస్తానంటూ నువ్వు పంపిన ఆడియో విన్నాను. 14 నిమిషాలూ విన్నాను. దానితో పాటు పంపిన చిట్టా కూడా చదివాను. ఎస్‌ఎం7బీ మైకు, దాన్ని కంప్యూటర్‌కు కలపడానికో ఇంటర్‌ఫేస్ డబ్బా, బల్లకు బిగించే స్టాండు, హెడ్‌ఫోన్లు, గోడకు అంటించే నల్ల ఫోమ్ ముక్కలు 24. కింద గీత గీసి మొత్తం 58,000 అని వేశావు. పక్కన చిన్న అక్షరాలతో "చీటీ పాడితే వస్తాయి మాస్టారూ" అని ఒక ముక్క. నాకు చిర్రెత్తింది అక్కడే. 20 నెలల చీటీని ఐదో నెలలోనే ఎత్తుకోవాలంటే ఎంత నష్టానికి పాడాలో నాకంటే నీకే బాగా తెలుసు. ఆ డబ్బుతో ఒక మైకు కొనుక్కుని, ఇప్పుడు మాట్లాడినట్టే దానికి రెండడుగుల దూరంలో కూర్చుని మాట్లాడతావు. ఇప్పుడు వినిపించే బావిగొంతే మళ్లీ వినిపిస్తుంది. కాకపోతే ఖరీదైన బావి.

నీ గొంతు బాగుంది. ఆ మాట మళ్లీ అనను.

ఆరో నిమిషం దగ్గర ఏం జరిగిందో నీకు గుర్తుందా? వెనక నుంచి మీ అమ్మమ్మ కాబోలు, "అమ్మే, అన్నం చల్లారిపోతా ఉంది, రాళ్ల సంగతి తర్వాత చెప్పుకోవచ్చులే" అంది. అంతవరకే స్పష్టంగా వినిపించింది. ఆ తర్వాతి మాటల్ని నువ్వు సాఫ్ట్‌వేర్‌లో రొదను తీసేసే నాయిస్ రిడక్షన్ పెట్టి తుడిచేశావు. ఉత్తరంలో క్షమాపణ కూడా చెప్పుకున్నావు, "వెనకాల డిస్టర్బెన్స్ వచ్చింది" అని. ఆ డిస్టర్బెన్స్‌ని నేను నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. క్వారీలో పనిచేసి చెయ్యి పోగొట్టుకున్న మనిషి గురించి నువ్వు 14 నిమిషాలు చెప్పినదానికంటే, రాళ్ల గురించి ఆవిడ విసుగ్గా అన్న ఆ ఒక్క ముక్క నన్ను ఎక్కువసేపు పట్టుకుంది. పైగా ఆ మాట తర్వాత నీ గొంతు మారిపోయింది. నీళ్లలో తల ముంచి మాట్లాడుతున్నట్టు బుడబుడమని. ఆ మీటను చివరిదాకా లాగేసి ఉంటావు. అది ఫ్యాను రొదను మాత్రమే తీసుకుపోదు, నీ గొంతులోంచి కూడా కొంత కోసుకుపోతుంది. గదిలో మోగే ప్రతిధ్వనిని మాత్రం ముట్టుకోనైనా ముట్టుకోదు.

అసలు గొడవంతా ఆ ప్రతిధ్వనిదే. మీది చీమకుర్తి. ఊరి పేరు చెబితేనే ప్రపంచంలో రాతి వ్యాపారులందరికీ నల్లరాయిలో బంగారు చుక్కలు గుర్తొస్తాయి. నీ గదిలో కింద గ్రానైట్, గోడలకు నున్నటి రంగు, పైన శ్లాబు, ఒక మంచం, ఒక కుర్చీ. ఫోటో పంపావు కాబట్టి చెబుతున్నాను. నువ్వొక మాట అంటే అది అన్ని గోడలకూ తగిలి మళ్లీ మైకులోకొస్తుంది. లెక్క చెబుతాను విను. మైకుకు నీ నోటికి మధ్య దూరం రెట్టింపైతే నేరుగా వెళ్లే గొంతు, శబ్దాన్ని కొలిచే లెక్కలో, 6 డెసిబెల్స్ పడిపోతుంది. గోడల నుంచి తిరిగొచ్చేది మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. అంటే 6 అంగుళాల నుంచి 2 అడుగులకు జరిగావంటే నీ గొంతు 12 డెసిబెల్స్ తగ్గింది, గది తగ్గలేదు. నేను విన్నది నిన్ను కాదు, మీ ఇంటి మేస్త్రీ పనితనాన్ని.

1984లో, నాకు 26 ఏళ్లు. ఒక రేడియో కేంద్రంలో 10 నిమిషాల ప్రసంగం చదివే అవకాశం వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను, రేడియోలో చొక్కా కనిపిస్తుందన్నట్టు. ఎర్రలైటు వెలగ్గానే సభలో మాట్లాడినట్టు అందుకున్నాను. రెండు వాక్యాలు కాకముందే ఇంజినీరు గారు అద్దం అవతల నుంచి లేచి లోపలికొచ్చారు. తిడతారనుకున్నాను. జేబులోంచి దారం తీసి మైకు స్టాండుకు కట్టి, జానెడు దూరంలో ఒక ముడి వేశారు. "ఈ ముడి నీ ముక్కుకు తగులుతూ ఉండాలి. ఇప్పుడు పక్కన పడుకున్న చంటిపిల్ల లేవకుండా మీ ఆవిడతో ఎలా మాట్లాడతావో అలా చదువు" అన్నారు. నాకప్పటికి పెళ్లి కాలేదు. అయినా చదివాను.

ఆ స్టూడియో గోడలకు చిల్లుల అట్టలు, వాటి వెనక గాజు ఉన్ని ఉండేవి. అక్కడ జానెడు సరిపోయింది. మీ ఇంట్లో బెత్తెడు కావాలి. నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి చూసుకో, అంతే. మరీ సూటిగా కాకుండా మైకును నోటికి కాస్త పక్కగా పెట్టుకో, లేకపోతే ప, ఫ, భ పలికినప్పుడల్లా గాలి కొట్టి దబ్బుమంటుంది. దానికి వలగుడ్డ బిగించిన చక్రం అమ్ముతారు. మీ ఇంట్లో కుట్టుపని ఫ్రేము ఉంటే పల్చటి నైలాన్ చున్నీ ముక్క బిగించుకో, అదే పని చేస్తుంది.

నువ్వడిగిన ఎస్‌ఎం7బీ చెడ్డ మైకని నేననను. మంచిదే. కానీ దాన్నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది. సుమారు 60 డెసిబెల్స్ పెంచితే గానీ మామూలు గొంతు నిలబడదు. చిన్న ఇంటర్‌ఫేస్‌లో శబ్దం పెంచే నాబ్‌ను చివరిదాకా తిప్పాక హిస్స్ అని సన్నగా ఒక రొద మొదలవుతుంది. అప్పుడు దాన్ని పోగొట్టడానికి బూస్టర్ అని ఇంకొకటి కొనమంటారు. వీడియోల్లో పెద్ద పెద్దవాళ్లందరి మొహాల ముందూ అదే నల్ల మైకు కనిపిస్తోంది కదా, అందుకే నీకూ అదే కావాలనిపించింది. నా రోజుల్లో షర్టు జేబుకు పార్కర్ పెన్ను పెట్టుకుంటే రచయిత అయిపోయినట్టే. నాకూ ఉండేది. దాంతో రాసినవేవీ అచ్చు కాలేదు.

ఫోమ్ ముక్కల సంగతి కూడా తేల్చేస్తాను. అంగుళం మందం ఫోమ్ పైపై కీచుదనాన్ని మాత్రం పీలుస్తుంది. కింది స్థాయి మోత అలాగే ఉండి, గది రేకుడబ్బాలా మోగుతుంది. కోడిగుడ్ల అట్టలైతే మరీ దండగ.

ఇంతా చెబుతున్న నేను తక్కువ తిన్నానని కాదు. 2019లో నా నవలను నేనే చదివి రికార్డు చేద్దామని 14,000 పెట్టి కండెన్సర్ మైకు కొన్నాను, చుట్టుపక్కల చిన్న చప్పుడు కూడా పట్టే రకం. "స్టూడియో క్వాలిటీ" అన్నాడు అమ్మినవాడు. నిజమే, స్టూడియోలో పెడితే స్టూడియో క్వాలిటీయే. మూడో అంతస్తు ఫ్లాట్‌లో పెడితే మాత్రం మూడో అంతస్తు క్వాలిటీ వస్తుంది. లిఫ్టు తలుపు, పక్కింటి మిక్సీ, కింద వాచ్‌మన్ దగ్గు, అన్నీ ముత్యాల్లా పడ్డాయి. తండ్రి చనిపోయే అధ్యాయంలో కిటికీ బయట కోయిల. 11 అధ్యాయాలు పారేశాను. ఆ మైకు ఇప్పుడు బీరువా పైన ఉంది. నీకిస్తానని ఆశపడకు, మీ గ్రానైట్ గదిలో అది నా ఫ్లాట్‌లో కంటే దారుణంగా ఉంటుంది.

ఇక నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. మీ అమ్మమ్మ దగ్గర పాత చీరలతో కుట్టిన బొంతలుంటాయి. లేవంటే నేను నమ్మను. దండెం ఒకటి గది మూలన కట్టి రెండు బొంతలు వేలాడదియ్యి. ఒకటి నీ వీపు వెనక, ఇంకొకటి పక్కన. కింద దూదిపరుపు వేసుకుని దాని మీద కూర్చో. ఎదురుగా చీరల బీరువా తలుపులు బార్లా తెరిచి దానికి మొహం పెట్టి మాట్లాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు లే. లారీలు కదలకముందు, బోరు మోటర్లు వెయ్యకముందు. ఫ్యాను ఆపు, చెమట పడితే పట్టనీ. ఫ్రిజ్ కూడా ఆపాలి. ఆపేటప్పుడు నీ స్కూటీ తాళాలు ఫ్రిజ్‌లో పెట్టు. లేకపోతే మళ్లీ వెయ్యడం మర్చిపోతావు, పాలు విరిగిపోతాయి, అమ్మమ్మ నన్ను తిడుతుంది. మాట్లాడటం మొదలుపెట్టే ముందు అర నిమిషం ఊరికే కూర్చుని ఆ నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకో. తర్వాత కత్తిరించి అతికేటప్పుడు మధ్యలో నింపడానికి అది పనికొస్తుంది. బొత్తిగా ఖాళీ పెడితే వినేవాడికి ఫోన్ కట్టయిందనిపిస్తుంది.

మొదటి నెల ఏమీ కొనకు. ఉన్న ఫోన్‌నే బెత్తెడు దూరంలో పెట్టుకుని పక్కగా మాట్లాడు. ఏ తేడా రాకపోతే అప్పుడు నన్ను తిట్టు.

తర్వాత కొంటానంటే, చొక్కాకు తగిలించుకునే వైరు మైకు. బోయా బీవై-ఎం1 లాంటిది వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది, వైరు 6 మీటర్లుంటుంది. దానిమీద కెమెరాకో ఫోన్‌కో అని చిన్న స్విచ్ ఉంటుంది, అది చూసుకోకుండా నేనొక పూటంతా మూగ రికార్డింగు చేశాను. నీ ఫోన్‌కు గుండ్రటి హెడ్‌ఫోన్ రంధ్రం లేకపోతే టైప్-సి కన్వర్టర్ కావాలి. అన్ని కన్వర్టర్లూ మైకును తీసుకోవు, కొన్ని పాటలు వినడానికి మాత్రమే. షాపులోనే పెట్టి, రికార్డు చేసి, విని మరీ డబ్బులియ్యి. ఇప్పుడు పిల్లలంతా కాలరుకు పెట్టుకు తిరిగే బొత్తాల్లాంటి వైర్లెస్ మైకులు నీకొద్దు. చవక రకాలు మాటల చివర్లు మింగేస్తాయి. తెలుగులో మాట చివరే క్రియాపదం, అది మింగితే ఇంక మిగిలేదేముంది?

ఆర్నెల్లు ఆపకుండా చేశాక, అప్పటికీ మోజు తీరకపోతే, నేరుగా కంప్యూటర్‌కు గుచ్చే యూఎస్‌బీ డైనమిక్ మైకు తీసుకో, దగ్గరి గొంతునే ఎక్కువగా పట్టే రకం. ఐదారు వేలలో వస్తుంది. కండెన్సరా డైనమిక్కా అని డబ్బా మీద చూసి తీసుకో, "స్టూడియో" అన్న అక్షరాలు చూసి కాదు. కూర్పుకు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. వినడానికి మామూలు వైరు ఇయర్‌ఫోన్లు చాలు, బ్లూటూత్‌లో మాట ఆలస్యంగా వినిపించి తికమక పెడుతుంది.

క్వారీ మనుషులతో మాట్లాడేటప్పుడు ఇద్దరికీ చెరో ఫోన్. రెండోది మీ తమ్ముడిదో ఎవరిదో అడుక్కో. రెండూ రికార్డులో పెట్టాక ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టు, కూర్చేటప్పుడు ఆ రెండు చప్పట్లూ కలిపితే రెండు గొంతులూ కలుస్తాయి. మాట్లాడే మనిషి దగ్గరికి జరుగు. మైకు మాత్రమే కాదు, నువ్వు కూడా జరుగు. సిగ్గుపడి దూరంగా కూర్చుంటే వాళ్లు ఆఫీసరుకు చెప్పినట్టు చెబుతారు.

ఆ మాటకొస్తే నువ్వు చదివిన మొదటి వాక్యం కూడా దూరంగా నిలబడి మాట్లాడేదే. "మానవ నాగరికతా ప్రస్థానంలో శ్రమ యొక్క ప్రాధాన్యతను..." ఎవరితోనమ్మా ఇది? బొంతలు వేలాడదీసి, బీరువాలో మొహం పెట్టి, బెత్తెడు దూరంలో నాలుగున్నరకు ఈ వాక్యం చదివి చూడు, నీకే నవ్వొస్తుంది. "యొక్క" అన్న మాట మీ అమ్మమ్మ పుట్టి బుద్ధెరిగి వాడి ఉండదు. 1987లో ఒక వారపత్రిక సంపాదకుడు నా కథ తిప్పి పంపుతూ మార్జిన్లో ఎర్రసిరాతో "ఇది రాసినట్టు లేదు, మాట్లాడినట్టుంది" అని రాశాడు. ఆ కాగితం ఇంకా ఉంది నా దగ్గర. ఆ ఎర్రసిరాకు భయపడి నేను ఆరేళ్లు "యొక్క" వాడాను. ఆరేళ్ల కథలు! వాటిలో ఒక్కటి కూడా ఇవాళ పైకి చదవలేను, నాలుక తిరగదు. పదేళ్ల తర్వాత అదే పత్రిక "సహజమైన మాటతీరున్న కథలు" కావాలని ప్రకటన వేసింది. పోనీలే.

వెనకాల సంగీతం పెట్టాలా అని అడిగావు. మొన్నామధ్య ఒక కంపెనీవాళ్లు నా కథ ఆడియో చేస్తామని తీసుకెళ్లి కింద వీణ, పైన ఉరుములు, మధ్యలో వాన పెట్టారు. కథలో మూడేళ్ల కరువు. ఫోన్ చేసి అడిగితే "ఫీల్ కోసం సార్" అన్నాడు ఆ కుర్రాడు. నీ ప్రశ్నకు జవాబు అదే.

లోగో గురించి, ఏ యాప్‌లో పెట్టాలన్నదాని గురించి, డబ్బులెప్పుడొస్తాయన్నదాని గురించి నన్నడక్కు. నీ చిట్టా వెనకవైపు ఇంకేవో ప్రశ్నలున్నాయి, కళ్లజోడు మార్చాక చూస్తాను.

ఈలోగా ఒక పని చెయ్యి. ఆరో నిమిషాన్ని తుడవకముందున్న ఫైలు నీ ఫోన్లో ఉండే ఉంటుంది. అది పంపు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపు. అమ్మమ్మ ఆ తర్వాత ఇంకేదో కూడా అంది, నువ్వు నవ్వావు కూడా. అదేమిటో నాకు వినాలనుంది.

ఇట్లు,
మాస్టారు

తా.క. చీటీ పాడకు.