సమాధానం: పెప్టైడ్‌కి స్పందిస్తున్నా టెట్రమర్‌తో రంగు పట్టని టీ కణాలు

పెప్టైడ్ (ప్రోటీన్ ముక్క) ఇస్తే గామా ఇంటర్‌ఫెరాన్ (టీ కణం స్పందించిందని చూపే ప్రోటీన్) వస్తోంది, అవే సీడీ8 రకం టీ కణాలు టెట్రమర్‌తో (ఆ పెప్టైడ్‌ని మోసే నాలుగు అణువుల రంగు గుత్తి) ఫ్లో సైటోమీటర్‌లో (రంగుని బట్టి కణాలను లెక్కించే యంత్రం) కనిపించడం లేదన్నారు కదా. మీ టెట్రమర్ పాడైందని నేననుకోను, పట్టు బలహీనం, అంతే. పెప్టైడ్‌ని గుర్తుపట్టే టీ కణ గ్రాహకం పట్టు మామూలుగా 1 నుంచి 100 మైక్రోమోలార్ మధ్య ఉంటుంది (అంకె ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిది). యాంటీబాడీలది చాలావరకు నానోమోలార్. కణం స్పందించడానికి చాలిన పట్టు, కడిగేటప్పుడు టెట్రమర్ ఊడిపోకుండా ఉండటానికి చాలదు. పైగా టెట్రమర్ తగలగానే కణం గ్రాహకాన్ని లోపలికి లాగేసుకుంటుంది.

అందుకే ముందు డాసాటినిబ్ (కణంలోపలి సంకేతాలను ఆపే మందు) వేయండి: 50 నానోమోలార్, 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. లోపలి సంకేతం ఆగి గ్రాహకం పైనే ఉంటుంది. 1 మిల్లీమోలార్ స్టాక్‌ని నేరుగా పలచన చేస్తే కొలత తప్పుతుంది. 1 మైక్రోలీటర్‌ని 199లో కలిపి, అందులోంచి 1 మైక్రోలీటర్ 99 మైక్రోలీటర్ల కణాల్లో వేయండి. కడగకుండానే టెట్రమర్, 15 నిమిషాలు. శ్రీకాకుళం మే ఎండకి గదే 37 ఉందిలే అని బల్లమీద వదిలేయకండి, ఇంక్యుబేటరే వాడండి.

సీడీ8 యాంటీబాడీ టెట్రమర్ తర్వాతే. ఆ యాంటీబాడీలో కొన్ని రకాలు (క్లోన్లు) ముందే పడితే టెట్రమర్‌ని అంటనివ్వవు. పోలిక కోసం పెట్టే, సంబంధంలేని పెప్టైడ్ టెట్రమర్ గొట్టానికీ డాసాటినిబ్ తప్పదు, ఎందుకంటే నేపథ్యపు రంగు కూడా కొంచెం పెరగొచ్చు.