గుండెపోటు రాకముందే ఆస్పిరిన్ వేసుకోవాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. బీపీ మాత్ర వాడుతున్నారు. గుండెజబ్బు గానీ, పక్షవాతం గానీ ఎప్పుడూ రాలేదు. కేబీఆర్ పార్కుకు ఉదయం నడకకు వచ్చే మిత్రులు చెప్పారని, మూడేళ్లుగా రోజూ రాత్రి భోజనం తర్వాత ఎకోస్ప్రిన్ 75 (75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర) వేసుకుంటున్నారు. రక్తం పలచగా ఉంటే గుండెపోటు రాదంటారు. మోకాళ్ల నొప్పులకు అప్పుడప్పుడు డైక్లోఫెనాక్ కూడా వాడతారు. ఇది మంచిదేనా?
— ఒక పాఠకురాలు, యూసుఫ్‌గూడ, హైదరాబాద్

జవాబు: మీ నాన్నగారి మిత్రుల మాటను ఒట్టి పుకారని కొట్టిపారేయలేం. ఒకప్పుడు వైద్యులూ అదే చెప్పేవారు. అమెరికాలో 22,071 మంది పురుష వైద్యులపై జరిగిన అధ్యయనంలో, రోజు విడిచి రోజు ఆస్పిరిన్ వేసుకున్నవారికి తొలి గుండెపోటు 44 శాతం తగ్గిందని 1989లో వెల్లడి కావడంతో ఆ నమ్మకం బలపడింది. ఆ తర్వాత బీపీ మందులు, కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్లు విరివిగా వాడుకలోకి వచ్చి, పొగ తాగేవారూ తగ్గాక, ఆస్పిరిన్ అదనంగా చేయగలిగిన మేలు కుంచించుకుపోయింది. రక్తస్రావం ముప్పు మాత్రం తగ్గలేదు.

2018లో ఫలితాలు వెలువడిన ‘ఆస్‌ప్రీ’ అధ్యయనం దాదాపుగా మీ నాన్నగారి వంటివారిపైనే జరిగింది. ఆస్ట్రేలియా, అమెరికాలలో గుండెజబ్బు లేని 19,114 మంది వృద్ధులను, ఎక్కువ మంది 70 దాటినవారే, రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మరో జట్టుకు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, దాదాపు అయిదేళ్లు గమనించారు. గుండెపోటు, పక్షవాతం వంటివి చెప్పుకోదగినంతగా తగ్గలేదు. తీవ్ర రక్తస్రావం మాత్రం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో వెయ్యికి 28 మందికి కలిగితే, ఆస్పిరిన్ వేసుకున్నవారిలో 38 మందికి కలిగింది. 60 దాటినవారు ముందుజాగ్రత్తగా దీనిని కొత్తగా మొదలుపెట్టవద్దని అమెరికా నిపుణుల సంఘం 2022లో సూచించింది.

‘రక్తం పలచబడడం’ అన్న మాటే తప్పుదోవ పట్టిస్తుంది. ఆస్పిరిన్‌తో రక్తం నీళ్లచారులా పలచబడదు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ కణాలు ఒకదానికొకటి అతుక్కునే గుణం తగ్గుతుంది, ఆ కణం బతికి ఉండే వారం పది రోజులూ ఆ గుణం తిరిగి రాదు. జీర్ణాశయపు లోపలి పొరను కాపాడే పదార్థాల తయారీని కూడా ఈ మాత్ర అడ్డుకుంటుంది. డైక్లోఫెనాక్ చేసేదీ అదే పని. నాకు ఎక్కువ ఆందోళన కలిగించినది మీరు ఉత్తరం చివర యథాలాపంగా రాసిన ఆ ఒక్క వాక్యమే. మలం తారులా నల్లగా, జిగటగా వస్తోందేమో అడగండి. అలా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. లేకపోయినా ఈ వారంలోనే రెండు మాత్రల స్ట్రిప్పులూ వెంట తీసుకుని వైద్యుడిని కలవండి. ఆయన వయసులో గుండెకు నిజంగా కాపు కాసేది బీపీ అదుపులో ఉండడం.

ఇది చదివి, స్టెంటు వేయించుకున్నవారు గానీ, గుండెపోటో, రక్తం గడ్డకట్టి పక్షవాతమో వచ్చినవారు గానీ తమ మాత్ర మానేయకూడదు. వారికి అది నివారణ కాదు, చికిత్స. మేలు హానిని మించుతుంది.

ప్రశ్న: మరి గుండెపోటు వచ్చినప్పుడు ఆస్పిరిన్ నమలమంటారు కదా?
— ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: అవును. గుండెపోటు అనుమానంతో చేరిన 17,187 మందిపై జరిగి 1988లో వెలువడిన ‘ఐసిస్-2’ అధ్యయనంలో, నెల రోజులు ఆస్పిరిన్ తీసుకున్నవారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు 23 శాతం తగ్గాయి. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతిలోకి పాకే నొప్పి ఉంటే ముందు 108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం ఉన్నవారు కాకపోతే 300 మిల్లీగ్రాములు, అంటే 75 మిల్లీగ్రాముల మాత్రలైతే నాలుగు, నమిలి మింగాలి. పైపూత ఉన్న మాత్రను నమలకపోతే ఆలస్యంగా కరుగుతుంది. మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా మాత్రం ఇవ్వకండి: మెదడులో రక్తం గడ్డకట్టిందో, రక్తనాళం చిట్లిందో స్కాన్ తీస్తే గానీ తెలియదు.